సీటు వెనక రెండు దెబ్బలు

సింహాచలం అన్నయ్య పెద్దకర్మకి మిన్నీ బే వెళ్తుంటే దారిలో మా అబ్బాయి కారు చక్రం ఒకటి రొద మొదలుపెట్టింది. అది పాత కారు. మెయిన్‌లాండుకు బదిలీ అయిన ఒకాయన అమ్మి పోతుంటే మావాడు ముచ్చటపడి కొన్నాడు. నేను వెనక సీట్లో అరటిపళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ మోత వింటూ కూర్చున్నాను. "ఏదో చక్రం అరుస్తోందిరా," అంటే, "టైర్ కా ఆవాజ్ హై అమ్మా. రోడ్డే ఖరాబ్," అన్నాడు. రోడ్డు ఖరాబే, కాదనను. కానీ టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది. కొత్త తారు మీద సద్దుమణుగుతుంది, గతుకుల మీద మళ్ళీ లేస్తుంది. ఇది రోడ్డును పట్టించుకోవడమే లేదు. కారు వేగం పెంచితే పెరుగుతోంది. కుడికి మలుపు తిరిగినప్పుడల్లా గురగురమంటోంది, ఎడమకి తిరిగితే తగ్గుతోంది. బండి కుడికి తిరిగితే బరువంతా ఎడమ చక్రాల మీద పడుతుంది. "ఎడమ పక్క ముందు చక్రం బేరింగు పోయింది. రేపే చూపించు," అన్నాను. వాడు అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. ముసలి తల్లికి పప్పుల ధరలూ మోకాళ్ళ నొప్పులూ తప్ప ఇంకేమైనా తెలిసి ఉంటుందని కన్నపిల్లలకు తోచదు. మర్నాడు గ్యారేజీలో కారును పైకెత్తి చూసిన మెకానిక్ నేను చెప్పిన చక్రమే విప్పాడట. ఆంటీకి ఎలా తెలుసు భయ్యా అని అడిగాడట. మావాడు ఇంటికొచ్చి అదే ప్రశ్న నన్ను అడిగాడు. నేను చెప్పలేదు. ఆ విద్య ఎలా వచ్చిందో చెప్పాలంటే అది ఎవరి కాలు తీసిందో కూడా చెప్పాలి.

నేను ఈ దీవులకు కొత్త పెళ్ళికూతురిగా వచ్చాను. ఓడలో మూడు రోజులు కడుపులో ఉన్నదంతా కక్కుకుని, పోర్ట్ బ్లెయిర్ జెట్టీ మీద కాలు పెట్టేసరికి నేల కూడా ఊగుతున్నట్టే ఉంది. మా ఆయన ఓడల మీద ఖలాసీ. నన్ను ఆస్టినాబాద్‌లో అత్తమామల దగ్గర దించి, వారం తిరక్కుండా మళ్ళీ ఓడెక్కేశారు. ఆ ఇంట్లో నాకు మిగిలింది ముగ్గురు: అత్తయ్య అప్పలనరసమ్మ, మావయ్య ఎర్రయ్య, వాన. ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డు చూరు కింద వాన నీళ్ళు పట్టుకునే డ్రమ్ములు. మావయ్య మా ఊరి వైపు సముద్రంలో చేపల వేటకెళ్ళే మనిషి. ఇక్కడికి వచ్చిన కొత్తల్లో జీపులు బాగుచేసే చోట కూలికి చేరి, చూసి చూసి పని పట్టుకుని, సొంతంగా ఈ షెడ్డు వేసుకున్నారు. పొద్దున్నే లేస్తే ముందు కిరసనాయిలు వాసన, దాని వెనక గ్రీజు వాసన, ఆ వెనక దండేనికి వేలాడే ఎండుచేపల వాసన. అత్తయ్య అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, ఒక్క ముక్క కూడా ఆపకుండా మాట్లాడుతూ అన్నం వార్చేది. మావయ్య చద్దన్నంలో ఉప్పుచేప నంజుకు తిని, చేతులు కడుక్కుని, కడిగిన చేతులనే మళ్ళీ గ్రీజులో ముంచేవారు. ఆయన గోళ్ళ చుట్టూ ఉన్న నలుపు పండక్కి కూడా పోయేది కాదు.

కోడలు మామగారి ఎదట నిలబడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. మా ఊళ్ళోనే సడలిపోయిన ఆచారం అది. మా అమ్మ మా తాతతో వాదాలు పెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ సంగతి భయం భయంగా అత్తయ్యతో అంటే, "మీకు ఊరుంది, నేలుంది, ఏది ఒగ్గీసినా ఇంకోటుంటాది. ఈ సముద్రం మజ్జిలో మాకేటుంది? ఆచారం ఒక్కటే మూటగట్టుకొచ్చినాం," అంది. దాంతో నా నోటికి తాళం పడింది. మావయ్యకి టీ కావాలో వద్దో అత్తయ్య అడిగేది. వర్షం వస్తోంది, బయట పెట్టిన సామాను తీయమనాలన్నా అత్తయ్యతో చెప్పించాల్సిందే. అత్తయ్య బజారుకు వెళ్ళిన రోజున సామాను తడిసేది. ఆ ఇంట్లో మొదటి ఏడాది నేను మాట్లాడిన దానికంటే విన్నదే ఎక్కువ, అందుకే ఆ ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది, మావయ్యకి చెవులు వినపడటం లేదని.

ఆయన దగ్గర ఒక తెడ్డు ముక్క ఉండేది. మూరెడు పొడవు, చేతుల చెమటకి నున్నగా నల్లబడిన కర్ర. వేటకెళ్ళే రోజుల్లో తెడ్డు నీళ్ళలోకి దించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి, అడుగున చేపల మంద చేసే చప్పుడు వినేవారట. ఆ తెడ్డు విరిగిపోతే పిడి ముక్కని తెచ్చుకున్నారు. షెడ్డులో కారును జాకీ మీద లేపి, చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి, కర్ర ఒక కొస చక్రం వెనక ఇనుముకి, రెండో కొస చెవి వెనక పెట్టి కళ్ళు మూసుకునేవారు. టాక్సీ వాళ్ళు ఆయన చుట్టూ నిలబడి ఊపిరి బిగపట్టేవారు. ఎర్రయ్య కర్ర పెట్టాడంటే రోగం దొరికినట్టే అని పేరు. కర్ర పెట్టినప్పుడు ఆయనకి నిజంగానే వినిపించేది. కర్ర తీసేస్తే వినిపించేది కాదు. నేను ఆయన వెనక గిన్నె జారవిడిస్తే ఉలకలేదు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే పలికేవారు కాదు. ఎర్రయ్యకి పొగరు అనుకునేవారు జనం. ఆయన ఆ పేరునే మోసేవారు కానీ అసలు సంగతి బయటపెట్టలేదు. చెవితో బతికే మనిషికి చెవి పోయిందని తెలిస్తే షెడ్డులోకి ఇంకో బండి రాదు.

అసలు చిక్కు ఎక్కడంటే, జాకీ మీద లేపిన చక్రం మీద బరువుండదు. బాగా అరిగిపోయిన బేరింగు అయితే ఖాళీగా తిప్పినా గరగరమంటుంది, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతుంది. అరుగుదల మొదట్లో ఉంటే అలా దొరకదు. బండిని రోడ్డెక్కించి, మలుపుల్లో బరువు ఒక పక్కకి పడేటట్టు తిప్పి, ఏ పక్కకి తిప్పితే మోత పెరిగిందో విని, దాని ఎదటి పక్క చక్రాన్ని పట్టుకోవాలి. రోడ్డు మీద ఆయన చెవులు పనిచేసేవి కావు. ఈ సంగతి నేను అత్తయ్యకి చెప్తే ఆమె నోట్లో చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. ఆమెకీ తెలుసు, తెలియనట్టు ఉంది, అంతే. మర్నాటి నుంచి మావయ్య ట్రయలుకు తోలే ప్రతి బండిలో వెనక సీట్లో మేమిద్దరం ఎక్కేవాళ్ళం. ఎర్రయ్య ట్రయలంటే ఇంటి ఆడాళ్ళకి ఫోకట్ సవారీ అని టాక్సీ వాళ్ళు నవ్వేవారు. మోత ఎడమ చక్రానిదైతే మావయ్య సీటు వీపు మీద ఎడమ పక్కన, కుడిదైతే కుడి పక్కన నేను గుప్పిటతో ఒక దెబ్బ కొట్టేదాన్ని. ముట్టుకోనక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. దెబ్బ ఆయన వీపుకి తెలిసేది. ఏ ఆచారమూ చెడలేదు. సందేహం ఉంటే అత్తయ్య ఆయన ముందుకు వంగి, "ఇంకోపాలి తిప్పు," అని చెయ్యి తిప్పి చూపేది.

ఆ పని నాకు నచ్చింది. దాచుకోవడమెందుకు, గర్వంగా కూడా ఉండేది. విప్పిన బేరింగులు కిరసనాయిల్లో కడిగే పని కూడా నాదే అయింది. కడిగి అరచేతిలో పెట్టుకుని వేలితో తిప్పితే మంచిది సబ్బు నురగ మీద జారినట్టు పోతుంది, చెడ్డది ఇసుక పడిన తిరగలిలా వేలికి తగులుతుంది. ఇక్కడి బేరింగులకు ఉప్పే శత్రువు. మనవాళ్ళు టాక్సీని నీళ్ళ అంచు దాకా తోలుకెళ్ళి చేపల గంపలు ఎక్కించేవారు. వద్దని మావయ్య ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. ఉప్పునీళ్ళు చక్రంలోకి దూరితే గ్రీజు పాలవిరుగుడులా తయారవుతుంది. కొత్త బేరింగు కావాలంటే ఓడ రావాలి. ఓడ ఆలస్యమైతే ఉన్నదాన్నే కడిగి, గ్రీజు కూరి, దేవుడి మీద భారం వేసి పంపేవాళ్ళం.

రెండో ఏడు వానల్లో అత్తయ్య తన కూతురి పురిటికి మెయిన్‌లాండు వెళ్ళింది. ఓడెక్కే ముందు నాకు అప్పడాల డబ్బా దగ్గర్నుంచి కోళ్ళ గూడు దాకా అన్నీ అప్పగించింది కానీ, మావయ్యతో ఎలా మాట్లాడాలో మాత్రం అప్పగించలేదు. ఆమె వెళ్ళిన పది రోజులకి సింహాచలం అన్నయ్య వచ్చాడు. మిన్నీ బే మనిషి, మా వైపు వాడే, నల్ల టాక్సీ నడిపేవాడు. నన్ను చెల్లెమ్మా అని పిలిచిన మొదటి మనిషి ఈ దీవుల్లో ఆయనే. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మంలోనే ఏదో ఒక హాస్యమాడి లోపలికి వచ్చేవాడు. ఆ రోజు మాత్రం గాభరాగా ఉన్నాడు. "బాబాయ్, గాడీ ముందునుంచి ఆవాజ్ ఇస్తంది. నిన్నటికాడ నుంచి మరీ పెరిగిపోనాది. మద్దేనం జహాజ్ ఒస్తాది, జెట్టీ కాడ సవారీలుంటారు. జల్దీ సూడు," అన్నాడు. మావయ్య ఆయన పెదాలకేసి చూసి తలూపారు.

మావయ్య తోలుతుంటే, అన్నయ్య ఆయన పక్కన, నేను వెనక, ముగ్గురం బయల్దేరాం. వాన వెలిసింది కానీ రోడ్డంతా తడి, చక్రాల కింద నీళ్ళ చప్పుడు. కుడి మలుపులో మోత లేచింది. ఎడమ చక్రం, అనుమానం లేదు. సీటు మీద ఎడమ పక్కన గట్టిగా కొట్టాను. మావయ్య తలూపారు. తర్వాత ఎడమ మలుపు వచ్చింది. మోత తగ్గాలి, కానీ పూర్తిగా తగ్గలేదు. అడుగున ఇంకేదో సన్నగా మూలుగుతున్నట్టు అనిపించింది. కుడిదేమో, తడి రోడ్డేమో. ఇంకోసారి తిప్పమనాలి. అత్తయ్య ఉంటే అనేది. సింహాచలం అన్నయ్యతో చెప్పి చెప్పించవచ్చు, కానీ అలా చెప్తే మావయ్య గుట్టు ఆయన చేతిలో పెట్టినట్టే. ఏమీ తోచక సీటు మీద కుడి పక్కన కూడా ఒక దెబ్బ కొట్టాను. సందేహంతో కొట్టిన దెబ్బ, మెల్లగా పడింది. మావయ్య వీపు కదల్లేదు.

షెడ్డుకు వచ్చి ఎడమ చక్రం విప్పితే బేరింగు పూర్తిగా పోయి ఉంది. ఇంట్లో ఉన్న కొత్తది ఒక్కటే, అది అందులో వేశారు. అలవాటు ప్రకారం కుడి చక్రాన్ని కూడా లేపి, తిప్పి, తెడ్డు ముక్క పెట్టి విన్నారు. బరువు లేని చక్రం, ఏం చెప్తుంది? ఊపి చూస్తే కొంచెం కదులుతోంది. నట్టు బిగించి గ్రీజు పెట్టారు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి, ఒక్కసారి ఇటు చూస్తే చేత్తోనైనా సైగ చేద్దామని కాచుకున్నాను. ఆయన ఇటు చూడలేదు. కోడలున్న వైపు చూడకపోవడం కూడా మర్యాదే మరి. మామూలుగా పనయ్యాక రెండో ట్రయలు ఉంటుంది. జెట్టీ వైపు నుంచి ఓడ కూత వినిపించగానే సింహాచలం అన్నయ్య, "ట్రయలు దారిలో నానే సూసుకుంతాను బాబాయ్," అని స్టీరింగు ముందు కూర్చున్నాడు. మావయ్యకి ఆ కూత వినపడలేదు, ఆ మాటలూ వినపడలేదు. సరే అన్నట్టు చేతులు తుడుచుకున్నారు.

నేను నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వచ్చాను. టాక్సీ షెడ్డులోంచి వెళ్ళి, మా వీధి చివర ఎడమకి తిరిగింది. ఎడమ చక్రం కొత్తది కాబట్టి ఇప్పుడు దాని అరుపు లేదు. దాని కింద ఇంతసేపూ దాక్కున్న కుడి చక్రం మోత తేటగా వినపడింది. ఇసుక పడిన తిరగలి. అరిగిన దాని మీద నట్టు బిగించడంతో ఇంకా చెడింది, నేను విన్న బేరింగుల్లో అంత చెడ్డది లేదు. నోరు తెరిచాను. మావయ్య నాకు రెండడుగుల్లో నిలబడి ఉన్నారు. మళ్ళీ మూసుకున్నాను. అరిచినా ఈయనకి వినపడదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. సింహాచలం అన్నయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. అప్పుడు కూడా అరవలేదు.

జెట్టీకి దిగే వాలులో కుడి చక్రం ఊడిపోయింది. బండి కల్వర్టు గోడని గుద్దుకుంది. ఇంకా ప్రయాణికులు ఎక్కలేదు కాబట్టి ఇంకెవరికీ ఏమీ కాలేదు. సింహాచలం అన్నయ్య కుడి కాలు ఇంజనుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయింది. రెండో రోజు ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. ఆ సాయంత్రం మిన్నీ బే నుంచి మనవాళ్ళు పదిమంది దాకా వచ్చారు. కొట్టడానికి వచ్చారో అడగడానికి వచ్చారో వాళ్ళకే తెలియదు. అన్నయ్య బావమరిది ముందుకొచ్చి, "నీ కాడికి ఒచ్చిన బండి గదా, ఏటి సూసినావు?" అని అడిగాడు. మావయ్య అతని పెదాలు చూశారు. నేను తలుపు వెనక ఉన్నాను. ఆ క్షణంలో, నా కోడలు చెప్పింది, నేను చేశాను అని ఆయన అంటే సగం తప్పు నాది అయ్యేది. ఆయన తెడ్డు ముక్క తీసి అందరి ముందూ నేల మీద పెట్టారు. "నాకు సెవులు ఇనపడవు. రెండేళ్ళు దాటినాది. మీ కాడ దాసినాను. తప్పు నాది. బస్," అన్నారు. రెండేళ్ళుగా ఆయన ప్రాణంలా కాపాడుకున్న గుట్టు అది. నన్ను దాచడానికి దాన్ని బయట పారేశారు. నేను ముందుకొచ్చి కాదు అనలేదు. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు, పిరికిదాన్ని, అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

షెడ్డు మూతపడింది. కొన్నాళ్ళకి ఆస్టినాబాద్ ఇల్లు వదిలి మిన్నీ బేలోనే ఒక గది తీసుకున్నాం. మావయ్య తీరాన కూర్చుని ఇతరుల వలలు బాగుచేసేవారు. వలకి చెవులతో పనిలేదు. సింహాచలం అన్నయ్య చంకలో కర్ర పెట్టుకుని రోజూ అటే నడిచి వచ్చి ఆయన పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ మాట్లాడుకున్నది నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఎదురైతే మాత్రం, "ఏటి చెల్లెమ్మా, అన్నం తిన్నావా?" అని ముందటిలాగే అడిగేవాడు. ఆ పలకరింపుకి నా తిండి విషమయ్యేది.

మిన్నీ బే వదిలి ఇప్పుడు మేముంటున్న వాడలో టాక్సీల కంటే సొంత బండ్లే ఎక్కువ. బేరింగు విమానంలో వస్తుంది. కారుని ఒక మీట నొక్కి గాల్లోకి లేపుతారు, చెవికి కర్ర పెట్టే మనిషిని చూస్తే నవ్వుతారు. నా కోడలు నా ఎదటే కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, "అత్తమ్మా, మీ కూరలో నమక్ జ్యాదా," అంటుంది. ఇరుగుపొరుగు ముసలమ్మలు నా తరఫున నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోను. అననీ. ఉప్పు ఎక్కువైతే అననీ, చక్రం మోగితే అననీ, ఇల్లు అంటుకుంటే వీధంతా వినపడేలా అరవనీ. ఆచారం మూటగట్టుకుని సముద్రం దాటిన వాళ్ళమీద నాకు ఈ వయసులో కూడా గౌరవం ఉంది. ఆ మూటలో ఏముందో విప్పి చూసుకోలేదనే కోపమూ ఉంది.

మావయ్య పోయే ముందు నాలుగు నెలలు మంచాన పడ్డారు. అత్తయ్య అంతకు ముందే పోయింది, మా ఆయన ఓడ మీద ఉన్నారు. గంజి పోయడానికి ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఒక మధ్యాహ్నం పెట్టెలోంచి తెడ్డు ముక్క తీశాను. ఒక కొస ఆయన చెవి వెనక ఎముకకి ఆనించి, రెండో కొస నా పళ్ళకి ఆనించుకుని, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పద్నాలుగేళ్ళకి మొదటిసారి ఆయనతో మాట్లాడాను. "మావయ్యా," అన్నాను. ఆయన కళ్ళు తెరిచారు. ఇక ఆగలేదు. తడి రోడ్డు మీద కుడి పక్కన కొట్టిన దెబ్బ సంగతి చెప్పాను. వీధి మలుపులో కుడి చక్రం అరుపు నాకు వినపడిందని చెప్పాను. "మీరు పక్కనే ఉన్నారని అరవలేదు మావయ్యా. అరిచినా మీకు వినపడదు కదా అనుకున్నాను," అన్నాను.

ఆయన రేకుల కప్పుకేసి చూశారు. రెండో దెబ్బ నాకు తెలిసింది తల్లీ అంటారనుకున్నాను, పోనీలే అంటారనుకున్నాను. అలాంటి మాట కోసమే ఆ కర్ర తీశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆయన కోప్పడలేదు. నెమ్మదిగా, బండి రోగం చెప్పినట్టే చెప్పారు.

"నాకు ఇనపడకపోతే ఏటి తల్లీ? ఆడి కిటికీ తీసే ఉంది గదా. ఆడికి ఇనపడేది."

తర్వాత నోరు తెరిస్తే గంజి పోశాను. తాగి పడుకున్నారు. ఆ మాట పట్టుకుని మర్నాడే సింహాచలం అన్నయ్య ఇంటికి వెళ్ళాను, గుమ్మం దాకా. లోపల్నుంచి, "ఎవరూ, చెల్లెమ్మా?" అన్నాడు. నడక చప్పుడు విని పోల్చుకున్నాడు. మావయ్యకి మందు తేవడానికి వెళ్తూ ఇటు వచ్చానని చెప్పి తిరిగొచ్చేశాను. ఆ తర్వాత అన్నయ్య చాలా ఏళ్ళు బతికాడు. చెవులు చివరిదాకా బాగానే ఉన్నాయి.